జలగ కడుపులో ఏముంది? అపోహలు - వాస్తవాలు

పోయిన వేసవిలో ఊరెళ్లినప్పుడు మా పెదనాన్నగారి అరుగు మీద ఒక గాజు సీసా కనిపించింది. సగం దాకా నీళ్లు, అందులో రెండు జలగలు. మోకాళ్ల నొప్పులకు మంచిదని ఎవరో చెబితే తెప్పించుకున్నారట. "ఏమే అమ్మా, నువ్వు కాలేజీలో చెప్పే పాఠం వీటి గురించేగా?" అని నవ్వారు. ఆ తర్వాత చెప్పింది విన్నాక నాకు టెన్షన్ మొదలైంది. ఒకరికి పట్టించాక పసుపు చల్లి కక్కిస్తారు, వారం ఆగుతారు, ఇంకొకరికి పట్టిస్తారు. పెదనాన్నకు, పెద్దమ్మకు, పక్కింటాయనకు అవే రెండు జలగలు.

ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతున్నాను. డిసెక్షన్లు ఉన్న రోజుల్లో ఏటా ఎన్నో జలగల్ని కోసి చూపించాను. మన చెరువుల్లో గేదెల్ని పట్టుకునే పశువుల జలగే మా పాఠం. పుస్తకాల్లో దాని పేరు హిరుడినేరియా గ్రాన్యులోసా. దాని గురించి జనం చెప్పుకునే మాటల్లో చాలావాటికి జవాబు దాని పేగులోనే ఉంది.

అపోహ: తాగిన రక్తం తాగినట్టే అరిగిపోతుంది

అన్నిటికన్నా ముందు పోవాల్సిన అపోహ ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ పుట్టినవే.

మైనపు ట్రేలో జలగను బోర్లా పెట్టి, రెండు కొసలా పిన్నులు గుచ్చి, నీళ్లు పోసి, వీపు మీద నిలువుగా కోస్తే పేగు వెంటనే కనపడదు. ముదురు గోధుమరంగు మెత్తటి కణజాలం చుట్టూ అంటుకుని ఉంటుంది. ఫోర్సెప్స్‌తో దాన్ని కొంచెం కొంచెంగా తీయడానికి గంటకు పైగా పడుతుంది. ఓపిక లేని పిల్లలు లాగేస్తారు. సంచి చిరిగి, నల్లటి ఎర్రరంగు చిక్కగా నీళ్లలోకి దిగి ట్రే అంతా మసకబారిపోతుంది. నిదానంగా తీసినవాళ్లకు మాత్రం ఆ సంచి పూర్తిగా కనిపిస్తుంది. ఒకదాని వెనక ఒకటిగా పది గదులు, ప్రతి గదికీ అటొకటి ఇటొకటి పక్కసంచులు. చివరి జత మిగతావాటికన్నా చాలా పొడవు, వెనక్కి తిరిగి పేగుకు రెండు వైపులా సాగిపోయి ఉంటుంది. దీన్నే క్రాప్ అంటాం, తెలుగు మీడియం పుస్తకాల్లో అన్నాశయం. జలగ ఒంటికి వరసగా 33 ఖండితాలు, అంటే ముక్కల్లాంటి భాగాలు, ఉంటే, ఈ అన్నాశయం 9వ దాని నుంచి 18వ దాని దాకా ఉంటుంది. పక్కసంచుల కొసలు 22 దాకా పోతాయి.

ఇంత పెద్ద సంచిలో ఆహారం అరగదు. నిలవ ఉంటుంది, అంతే. అరిగే చోటు దీని వెనక ఉన్న చిన్న జీర్ణాశయం, ఆ తర్వాత సన్నటి పేగు. జీర్ణాశయం మొత్తం ఒక్క ఖండితంలో, 19వ దాంట్లో సరిపోతుంది. అన్నాశయానికీ జీర్ణాశయానికీ మధ్య కండరంతో అయిన బిగుతు ద్వారం ఉంది. అది తెరుచుకున్నప్పుడల్లా కొద్దికొద్దిగా రక్తం వెనక్కి వెళుతుంది.

పిల్లలకు నేను చెరువు బొమ్మ గీసి చెబుతాను. అన్నాశయం చెరువు, ఆ బిగుతు ద్వారం తూము. వాన ఒక్క రోజే కురిసినా తూము కింద పొలం నెలల తరబడి తడుస్తుంది. చెరువుకు అలుగు కూడా ఉంటుంది కదా, జలగకూ ఉంది. తన బరువుకు ఐదారు రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ రక్తం తాగుతుంది. అందులో ఎక్కువ భాగం నీరే. 17 జతల విసర్జక నాళాలు ఆ నీటినీ ఉప్పునూ మొదటి కొద్ది రోజుల్లోనే బయటికి తోసేస్తాయి. మిగిలిన చిక్కటి సరుకు నెలల పాటు సరిపోతుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు తిన్నా జలగ బతకగలగడం అందువల్లే.

అన్ని నెలలున్నా ఆ రక్తం కుళ్లదు. సంచిలో ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. అవి వేరే సూక్ష్మజీవుల్ని పెరగనివ్వవు, అరుగుదలలోనూ సాయపడతాయి. రక్తం ఎంత భద్రంగా ఉంటుందంటే, తాగి నాలుగు నెలలైన జలగలో కూడా ఆ జంతువు డీఎన్‌ఏ దొరికింది. 2012లో శాస్త్రవేత్తలు వియత్నాం అడవుల్లో నేల జలగల్ని ఏరి, వాటి కడుపులోని రక్తాన్ని బట్టి ఆ అడవిలో ఏయే జంతువులున్నాయో చెప్పగలిగారు. కెమెరాలకు కూడా సరిగా చిక్కని ఒక చారల కుందేలు ఆనవాలు అలా బయటపడింది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా క్లాసులో వెనక బెంచీ కూడా తలెత్తుతుంది.

అపోహ: జలగ చెడు రక్తాన్నే ఏరి తాగుతుంది

ఈ నమ్మకం చాలా పాతది. నీళ్లు కలిసిన పాలలోంచి హంస పాలు మాత్రమే తీసుకున్నట్టు, జలగ ముందుగా చెడు రక్తాన్నే తీసుకుంటుందని ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు రాశాడు. పోలిక ఎంతో అందమైనది. ఆ గ్రంథాలంటే నాకు గౌరవం ఉంది. కానీ జలగ నోటి నుంచి అన్నాశయం దాకా వెతికినా రక్తాన్ని వడకట్టే భాగం ఒక్కటీ లేదు. మూడు దవడలు, ఒక్కో దవడ అంచున నూరుకు అటూ ఇటూగా సన్నటి పళ్లు. అవి రంపంలా కదిలి చర్మాన్ని ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో కోస్తాయి. వెనక ఉన్న కండగల గొంతు పంపులా లాగుతుంది. ఏది వస్తే అది తాగుతుంది.

మరి వైద్యంలో ఎందుకు వాడుతున్నారంటే, తెగిన వేలినో చెవినో తిరిగి కుట్టినప్పుడు సన్నటి సిరలు కలవక రక్తం లోపలే నిలిచిపోయి ఆ భాగం నీలంగా మారుతుంది. జలగ ఆ నిలవ రక్తాన్ని లాగేస్తుంది. అది వదిలాక కూడా కారుతూ ఉండటం వల్ల కొత్త సిరలు పడేదాకా ఆ భాగం బతుకుతుంది. అమెరికాలో 2004లో దీన్ని వైద్య పరికరంగా అనుమతించారు. అక్కడ పని చేసేది దాని పీల్చే శక్తి. మంచీ చెడూ ఎంచే శక్తి కాదు.

అపోహ: పట్టుకుంటే ఇక వదలదు

జలగలా పట్టుకున్నాడు అంటాం. నిజానికి సంచి నిండగానే అదే వదిలేస్తుంది, ఎక్కువగా అరగంట నుంచి గంట లోపు. ఆగలేని వాళ్లు ఉప్పు చల్లుతారు, చుట్ట కాలుస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అన్నాశయం నిండా ఉన్నది అరగని రక్తమే కాబట్టి, అదిరిన జలగ దాన్ని బ్యాక్టీరియాతో సహా మీ గాయంలోకే కక్కగలదు. నోటి వైపున్న చూషకం, అంటే అది అతుక్కునే గిన్నెలాంటి భాగం, కిందికి గోరు పోనిచ్చి పక్కకు జరిపితే పట్టు వదిలేస్తుంది. తర్వాత రెండో కొస. సబ్బుతో కడిగి గుడ్డతో అదిమి పట్టుకోండి.

ఆ తర్వాత గంటల తరబడి రక్తం కారితే విషం ఎక్కిందని భయపడతారు. విషం కాదు. దాని లాలాజలంలో గడ్డకట్టనివ్వని పదార్థం ఉందని 1884లోనే హేక్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త చూపించాడు. తర్వాత దానికి హిరుడిన్ అని పేరు వచ్చింది. రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్‌ను అది పట్టి ఆపేస్తుంది. సంచిలో రక్తం ద్రవంగానే ఉండాలిగా మరి. అయితే రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మాత్రం కారడం ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అపోహ: రెండు వైపులా నోరే

నోరు ముందు చూషకంలోనే ఉంది. వెనకది పట్టుకోవడానికి మాత్రమే. మా పిల్లలు పరీక్షల్లో పాయువును (మలద్వారాన్ని) వెనక చూషకం నడిమధ్యలో గీసేవాళ్లు. అది వీపు వైపున, చూషకానికి కాస్త ముందు, 26వ ఖండితంలో ఉంటుంది. అక్కడ ఉంటేనే గట్టిగా అతుక్కుని ఉండగా కూడా విసర్జన సాగుతుంది.

జలగలన్నీ రక్తమే తాగుతాయన్నది కూడా నిజం కాదు. వానపాముల్ని అలాగే మింగేసే జలగలున్నాయి. వాటిలో ఈ పక్కసంచుల వరస ఉండదు, ఉన్నా ఒక జతతో సరి. దొరికినప్పుడల్లా తినేదానికి అంత పెద్ద చెరువు ఎందుకు?

అపోహ: కక్కిస్తే జలగ శుభ్రమైపోతుంది

పెదనాన్న సీసా దగ్గరికి వస్తాను. కక్కించడం కొత్త పద్ధతేం కాదు. వదిలిన జలగ నోటికి నూనె, ఉప్పు రాసి, తోక నుంచి నోటి వైపు మెల్లగా నొక్కమని సుశ్రుతుడే చెప్పాడు. ఏడు రోజుల దాకా మళ్లీ పట్టించవద్దని వాగ్భటుడు అన్నాడు. రక్తం అరగకుండా ముందు సంచిలోనే ఉంటుంది కనుకే అలా వెనక్కి వస్తుంది. ఆ పరిశీలన గొప్పది. కానీ నడి సంచిని నొక్కినంత సులువుగా పది జతల పక్కసంచులు ఖాళీ కావు. మిగిలిన రక్తంలో హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ లాంటివి ఉంటే అవి రెండో మనిషికి చేరే దారి తెరిచినట్టే. నేటి వైద్యంలో ఒకరికి వాడిన జలగను ఇంకొకరికి వాడరు. జలగ వైద్యం చేయించుకోవాలనుకుంటే అర్హత ఉన్న వైద్యుడి దగ్గర, మీ కోసమే తెచ్చిన జలగతో చేయించుకోండి.

ఆ సీసా అడిగి కాలేజీకి తెచ్చుకున్నాను. చివరిసారి కక్కించి అప్పటికి నెల దాటిందని పెదనాన్న చెప్పారు. రెండు జలగల్లో ఒకటి కొద్ది రోజులకే చచ్చిపోతే కోసి చూశాను. ముందు గదులు ముడుచుకుపోయి ఉన్నాయి. వెనక పొడవాటి పక్కసంచులు రెండింటిలోనూ నల్లటి రక్తం చిక్కగా అలాగే ఉంది. ఫొటో తీసి పెదనాన్నకు వాట్సాప్‌లో పంపాను. చూసిన వెంటనే ఫోన్ చేశారు. ఆ వారమే ముగ్గురికీ రక్తపరీక్షలు చేయించాం. రిపోర్టులు బాగానే వచ్చాయి. మూడు నెలలు గడిచాక ఇంకోసారి చేయించాలని డాక్టరు రాశారు, ఆ తేదీ నా క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకున్నాను.