గాలిలో కీబోర్డు: ఉత్త చేతులతో వర్చువల్ రియాలిటీలో టైపింగ్, అపోహలు - వాస్తవాలు

కళ్లకు తొడుక్కుంటే చుట్టూ మరో లోకాన్ని చూపించే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ల కోసం, గాలిలో కనిపించే కీబోర్డులు రూపొందించడం నా పని. చేతిలో పట్టుకునే బొత్తాల పరికరాలను, అంటే కంట్రోలర్లను, పక్కన పెట్టించి, ఉత్త చేతులతోనో చూపుతోనో మాటతోనో మనుషుల చేత రాయిస్తాను. ఈ పని గురించి చెప్పగానే ఎదుటివారు వెంటనే ఒక పరిష్కారం సూచిస్తారు. ఆ సూచనల్లో చాలావరకు ఒకే చోట బోల్తా పడతాయి. ఏ అక్షరం కావాలో చూపించడం తేలిక. దాన్ని నిజంగా నొక్కారా లేదా అన్నది తేల్చడమే కష్టం.

అపోహ: కెమెరాలు ప్రతి వేలినీ చూస్తాయి కాబట్టి పది వేళ్లతో హాయిగా టైప్ చేయవచ్చు.

కెమెరాలు ఉండేది హెడ్‌సెట్ మీద. టైప్ చేసేటప్పుడు అరచేతులు కిందికి తిరిగి ఉంటాయి కాబట్టి వాటికి ఎక్కువగా కనిపించేది చేతి వెనక భాగం. వేలి కొసలు తరచూ మెటికల చాటున దాక్కుంటాయి. దాక్కున్న కొస ఎక్కడుందో సాఫ్ట్‌వేర్ ఊహించుకోవాల్సిందే.

అన్నీ కనిపించినా ఇంకో చిక్కుంది. మీ ఉంగరపు వేలిని ఒక్కదాన్నే వంచి చూడండి. చిటికెన వేలు కూడా వెంట వస్తుంది. మామూలు కీబోర్డు మీద దీనివల్ల నష్టం లేదు, కీ కింద ఉన్న స్ప్రింగు ఆ చిన్న కదలికను లెక్కచేయదు. గాలిలో ఆ స్ప్రింగు లేదు. మా దగ్గర పరీక్షకు కూర్చున్న ఒకాయన కీలవైపు చూడకుండా టకటకా కొట్టగలిగినవారు. ఇంగ్లిష్‌లో ‘హలో’ అని కొట్టారు. ‘ఎల్’ కోసం కుడి ఉంగరపు వేలు దించిన ప్రతిసారీ పక్కనున్న సెమికోలన్ కూడా పడింది. ఒక్క పదంలో రెండు సెమికోలన్లు! ఆయన చేతులు పైకెత్తి వాటివంక అనుమానంగా చూసుకున్నారు. అయిదు నిమిషాలు గడిచాక, ఎవరూ చెప్పకుండానే, రెండు చూపుడువేళ్లతో పొడవడం మొదలుపెట్టారు. వేగం పెరిగింది. గాలిలో కీబోర్డుకు ఇప్పటికీ నేను ఇచ్చే మొదటి సలహా అదే.

కీబోర్డును బల్ల మీద పరిస్తే వేలిని ఆపడానికి ఒక గట్టి తలం దొరుకుతుంది. అలసట కూడా తగ్గుతుంది. అయితే వేలు బల్లను తాకిందా, కాస్త పైన ఆగిందా అనే కొన్ని మిల్లీమీటర్ల తేడాను కెమెరా పట్టుకోవాలి. ఆ తేడా దగ్గరే తప్పులు మొదలవుతాయి.

అపోహ: కీబోర్డు కళ్లకు ఎదురుగా, పెద్దగా ఉంటే మంచిది.

మోచేయి గాలిలో లేచి ఉంటే కొద్దిసేపటికే భుజం లాగుతుంది. నిలువు టచ్ స్క్రీన్ల కాలం నుంచి ఈ బాధకు ‘గొరిల్లా చేయి’ అని పేరు. కీబోర్డును కిందికి దించి, కాస్త ఏటవాలుగా, మోచేతులు పక్కటెముకలకు ఆనేంత దగ్గరగా పెట్టుకోండి. చూడటానికి గొప్పగా ఉండదు, చేతులకు మాత్రం సుఖం.

అపోహ: కళ్లతో చూస్తే చాలు, చేతులతో పనే లేదు.

ఈ ఆశ పాతది, దీని జబ్బు కూడా పాతదే. 1990లోనే రాబర్ట్ జేకబ్ అనే కంప్యూటర్ పరిశోధకుడు దీన్ని ‘మైడాస్ స్పర్శ’తో పోల్చారు. ఆ గ్రీకు రాజు ముట్టిందల్లా బంగారమైనట్టు, ఇక్కడ చూసిందల్లా నొక్కినట్టవుతుంది. కన్ను ఉన్నది చూడటానికి. దాని చేత నొక్కించబోతే, ఇక దేన్నీ ఊరికే చూడలేం.

కాసేపు నిలిచి చూస్తేనే నొక్కినట్టు లెక్కించడం ఒక మందు. కానీ వేగం ఎంతవుతుందో చూడండి. ఒక్కో అక్షరానికి సెకను పడితే నిమిషానికి 60 అక్షరాలు. అయిదు అక్షరాలను ఒక పదంగా లెక్కించడం ఈ రంగంలో రివాజు కాబట్టి, 12 పదాలు. చూపుకు బదులు తల కదలికతో చేసిన 2017 నాటి ఒక పరిశోధనలో ఇలా నిలిచి చూసే పద్ధతికి వచ్చింది సుమారు 10.6 పదాలు. అదే పరిశోధనలో పదంలోని అక్షరాల మీదుగా తలతో ఒకే గీత గీసే పద్ధతి, గంటసేపు సాధన తర్వాత, 24.7కి చేరింది. ప్రతి అక్షరం దగ్గరా ఆగే పని లేకపోవడమే ఆ తేడాకు ముఖ్య కారణం.

2024లో వచ్చిన యాపిల్ హెడ్‌సెట్ విజన్ ప్రోలో చూపు అక్షరాన్ని ఎంచుతుంది, బొటనవేలికి చూపుడువేలిని తాకిస్తే అది పడుతుంది. ఈ పని విభజన నాకు నచ్చుతుంది. ఇందులోనూ ఒక తిరకాసు లేకపోలేదు. కన్ను వేలికంటే ముందు పరుగెత్తుతుంది. వేళ్లు కలిసే క్షణానికి చూపు తర్వాతి అక్షరం మీదికి దూకి ఉండవచ్చు. అందుకే వేళ్లు కలిసినప్పుడు కాకుండా, అంతకు ఒక్క రవ్వ ముందు చూపు ఎక్కడుందో వెనక్కి వెళ్లి చూసుకోవాలి. ఎంత వెనక్కి అన్నది మనిషి మనిషికీ మారుతుంది. ఆ ఒక్క అంకె మీద నేను పెట్టినంత సమయం ఇంకే అంకె మీదా పెట్టలేదు.

అపోహ: మాటతో రాయించుకుంటే గొడవే లేదు.

చెప్పినంతసేపూ లేదు. ఫోన్ల మీద 2016లో జరిగిన ఒక పరిశోధనలో, ఇంగ్లిష్‌లో మాటతో రాయడం టైపింగ్ కంటే దాదాపు మూడు రెట్లు వేగంగా సాగింది. వాక్యం మధ్యలో ఒక పేరు తప్పు పడితే దాన్ని మార్చడానికి ఎక్కడికి వెళ్లాలి? మళ్లీ చూపుకో వేలికో, అంటే మళ్లీ మన పాత చిక్కుకే. పక్కన మనుషులున్నప్పుడు సొంత విషయాలు పైకి చదవడం సంగతి సరేసరి. చిత్తుప్రతికి మాట, దిద్దడానికి వేలు అన్నది నా పద్ధతి.

అపోహ: నిమిషానికి ఎన్ని పదాలో చూస్తే ఏది మేలో తేలిపోతుంది.

‘స్త్రీ’ అని రాయండి. కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం గుర్తు: మొత్తం ఆరు సంకేతాలు. అయిదింటికి ఒక పదం అనే లెక్కలో ఇది ఒక పదం దాటిపోతుంది! ఇంగ్లిష్‌లో కొలిచిన వేగాన్ని తెచ్చి మన లిపికి అంటగట్టేవారిని నమ్మవద్దు. పైగా ఆరింటిలో మూడోది తప్పితే దిద్దడానికి ఎన్ని నొక్కులు పడతాయో ఆ అంకెలో కనిపించదు.

అపోహ: కీబోర్డు హెడ్‌సెట్ లోపల ఉంది కాబట్టి పాస్‌వర్డు ఎవరికీ తెలియదు.

2024లో ‘గేజ్‌ప్లాయిట్’ అనే పరిశోధన దీన్ని పటాపంచలు చేసింది. వీడియో కాల్‌లో విజన్ ప్రో వాడేవారి డిజిటల్ ప్రతిరూపం కళ్లు ఎటు కదులుతున్నాయో చూసి, వారు ఏమి టైప్ చేస్తున్నారో ఊహించవచ్చని తేలింది. యాపిల్ ఆ హెడ్‌సెట్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ విజన్ ఓఎస్ 1.3లో దీన్ని సరిదిద్దింది. కీబోర్డు తెరిచి ఉన్నంతసేపూ ఆ ప్రతిరూపం ఆగిపోతుంది.

అపోహ: మణికట్టు పట్టీ మనసు చదివేస్తుంది.

వేళ్ల కదలికలతో రాయడానికి మణికట్టుకు కట్టుకునే పట్టీ ఇది. అది చదివేది కండరాలకు అందే విద్యుత్ సంకేతాలను. మెటా పరిశోధకులు 2025లో నేచర్ పత్రికలో ప్రకటించిన ఫలితాల ప్రకారం, కలం పట్టుకున్నట్టు వేళ్లు పెట్టి, లేని కలంతో రాస్తున్నట్టు చెయ్యి కదిపితే నిమిషానికి 20.9 పదాలు వచ్చాయి. ఫోను మీద టైప్ చేసేవారి సగటు, 2019 నాటి ఒక పెద్ద అధ్యయనంలో, సుమారు 36. అయినా ఈ పట్టీ మీద నాకు ఆశ ఉంది, వేగం చూసి కాదు. వేలు కెమెరాకు కనిపించకపోయినా, చెయ్యి ఒళ్లోనే ఉన్నా, కండరం బిగిసిన క్షణం దానికి తెలుస్తుంది.