డిష్ ఎందుకు తల తిప్పదు?

చిరంజీవులైన పిల్లలకు, మీ తాతయ్య ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్‌లో రెండు ప్రశ్నలు వేశారు. ఉపగ్రహం భూమి చుట్టూ తిరుగుతుంటే డిష్ ఎందుకు తల తిప్పదు? 4కే ఛానల్ పంపే ఉపగ్రహం గొప్పేమిటి? నోటితో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారని కాగితం తీశాను.

ఉపగ్రహం ఎంత ఎత్తున ఉంటే భూమిని చుట్టిరావడానికి అంత ఎక్కువసేపు పడుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున్న అంతరిక్ష కేంద్రం గంటన్నరలో చుట్టేస్తుంది. చందమామకు 27 రోజుల పైనే కావాలి. మరి ఈ రెంటి నడుమ ఎక్కడో, భూమి తన చుట్టూ తాను తిరిగేంత సమయమే పట్టే ఎత్తు ఒకటి ఉండాలి కదా? ఉంది. భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్లు. చుట్టుకు 23 గంటల 56 నిమిషాలు. 24 కాదా అని మీలో పెద్దది అడుగుతుంది, నాకు తెలుసు. 24 గంటలు సూర్యుణ్ణి చూసి వేసిన లెక్కమ్మా. నక్షత్రాలను చూసి లెక్కేస్తే నాలుగు నిమిషాలు తగ్గుతుంది.

అక్కడ ఉపగ్రహం సెకనుకు మూడు కిలోమీటర్లు పరుగెడుతూనే ఉంటుంది. రంగులరాట్నంలో మీ పక్క గుర్రం మీద వాడు మీకు కదిలినట్టు కనిపించడు చూడండి, అదే కథ. అందుకే డిష్ తల తిప్పక్కర్లేదు. ఈ ఎత్తున మూడు ఉపగ్రహాలుంటే దాదాపు లోకమంతటికీ ప్రసారాలు అందించవచ్చని ఆర్థర్ సి. క్లార్క్ అనే ఆంగ్ల రచయిత 1945లో రాశాడు. అప్పటికి ఆకాశంలో ఒక్క ఉపగ్రహమూ లేదు! 1964లో సింకామ్-3 అనే ఉపగ్రహం అక్కడికి చేరి, టోక్యో ఒలింపిక్స్ దృశ్యాలను పసిఫిక్ దాటించింది.

రెండో ప్రశ్నకు జవాబు వింటే ఉసూరుమంటారేమో. ఉపగ్రహానికి బొమ్మంటే ఏమిటో తెలియదు. కింది నుంచి 14 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 1,400 కోట్లసార్లు ఊగుతూ, వచ్చిన తరంగాన్ని పట్టుకుని, 12 గిగాహెర్ట్జ్ దగ్గరికి దించి, బలం పెంచి కిందికి వదులుతుంది. దించకపోతే తన గొంతు తనకే వినబడి గోలైపోతుంది. ఈ పని చేసే పరికరం ట్రాన్స్‌పాండర్. చాలావాటి బలం నూరు, నూటయాభై వాట్లే.

చిక్కంతా నేల మీదే. 4కే బొమ్మలో అడ్డంగా 3,840, నిలువుగా 2,160 చుక్కలు, మొత్తం 82,94,400. చుక్కకు 30 బిట్లు (బిట్ అంటే 0 లేదా 1 అనే ఒక్క అంకె), సెకనుకు 50 బొమ్మలు అనుకుంటే సెకనుకు 1,244 కోట్ల బిట్లు. ఒక మామూలు ట్రాన్స్‌పాండర్ సెకనుకు మోయగలిగింది సుమారు ఆరేడు కోట్లు. అంటే ఒక్క ఛానల్‌కే రెండొందల ట్రాన్స్‌పాండర్లు కావాలి!

అందుకని పిసినారితనం మొదలవుతుంది. మన కన్ను వెలుగును పట్టినంతగా రంగును పట్టదు కనుక రంగుల వివరంలో ముప్పావు వంతు ముందే తీసేస్తారు. వార్తలు చదివే ఆవిడ వెనక గోడ మారదు. దాన్ని మళ్లీ మళ్లీ పంపడం దేనికి? పెదవులు, కనురెప్పలు కదిలినంత మేరకే పంపితే చాలు. బంతి కదిలితే, ‘ఇందాకటి బంతే, కాస్త కుడికి జరిగింది’ అని ఒక ముక్క చెప్పి ఊరుకుంటారు. 2013లో వచ్చిన హెచ్‌ఈవీసీ అనే పద్ధతి ఇలాంటి ఒడుపులతో ఆ 1,244 కోట్లను రెండున్నర కోట్ల దాకా నొక్కేస్తుంది. ఒక్క ట్రాన్స్‌పాండర్‌లో రెండు ఛానళ్లు పడతాయి. కప్పు గెలిచాక ఎగరేసే రంగుకాగితాలంటే మాత్రం దానికి హడల్. ప్రతి ముక్కా తలో దిక్కూ పోతుంది. అప్పుడు బొమ్మ గళ్లుగళ్లుగా కనిపిస్తే గుర్తుపట్టండి. నన్నడిగితే 4కే ఘనత సగానికి పైగా ఈ పిసినారి లెక్కదే.

జోరువానలో బొమ్మ ఆగిపోవడం మీకు తెలిసిందే. ఆ తరంగాలను వానచినుకులు మింగేస్తాయి. తెలియనిది ఇంకోటుంది. పగలూ రాత్రీ సమానమయ్యే రోజులకు అటూ ఇటూగా, ఏడాదిలో రెండుసార్లు, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆయన హోరులో ఉపగ్రహం గొంతు వినబడదు. ఎండ ఫెళ్లున కాస్తుండగానే కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. అప్పుడు పాపం ఆ సెట్‌టాప్ బాక్స్‌ను బాదకండి.

ఇట్లు,
మీ తాతయ్య