ప్రొటెస్టెంట్ చీలిక: అపోహలు - వాస్తవాలు

అపోహ: పాపపరిహార పత్రం కొంటే పాపం పోతుందని కేథలిక్ సభ బోధించింది.

కేథలిక్ బోధనలో పాపం వేరు, దాని శిక్ష వేరు. పాపం పోయేది పశ్చాత్తాపంతో, గురువు దగ్గర పాపసంకీర్తనంతో, అంటే పాపాలు ఒప్పుకోవడంతో. ఆపైన మిగిలే శిక్షను ఇక్కడో, చనిపోయాక ఆత్మలు శుద్ధి పొందే ఉత్తరించు స్థలంలోనో తీర్చుకోవాలి. పత్రం తగ్గించేది ఆ శిక్షనే. చిక్కంతా అమ్మకంలో వచ్చింది. చనిపోయినవాళ్ల కోసం కొనేవాళ్లకు పశ్చాత్తాపం అక్కర్లేదని జర్మనీలోని మైంట్స్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ పత్రాలమ్మేవాళ్లకిచ్చిన సూచనల్లో ఉంది. ఈ చీలికకు నాంది పలికిన జర్మన్ గురువు మార్టిన్ లూథర్ 1517లో రాసిన 95 వాదాంశాల్లో 35వది దీన్నే పట్టుకుంది. అయినా 71వది చదవండి: పత్రాల సత్యాన్ని కాదనేవాడు శాపగ్రస్తుడట! అప్పటికింకా ఆయన వాటిని పూర్తిగా తోసిపుచ్చలేదు.

అపోహ: కేథలిక్కులది క్రియలతో రక్షణ, ప్రొటెస్టెంట్లది విశ్వాసంతో రక్షణ.

ఆదివారం ప్రసంగాల్లో తరచూ దొర్లే తప్పు ఇదే. క్రీస్తు కృప లేకుండా సొంత క్రియలతో నీతిమంతుడు కావచ్చన్నవాణ్ని కేథలిక్ బిషప్పుల ట్రెంటు మహాసభే 1547లో శపించింది, అదీ ఆ విషయంపై మొట్టమొదటి నిబంధనలోనే. ఇద్దరికీ మొదలు కృపే. ఆ కృప ఏం చేస్తుందన్న దగ్గరే తగువు. లూథర్ ప్రకారం క్రీస్తు నీతి మనిషి లెక్కలో జమ అవుతుంది. అతను ఒకేసారి నీతిమంతుడూ పాపీ. ట్రెంటు ప్రకారం కృప లోపలికొచ్చి మనిషిని నిజంగా మారుస్తుంది. ఆ నీతి సత్క్రియలతో పెరుగుతుంది, చావైన పాపంతో, అంటే కృపను పోగొట్టే ఘోర పాపంతో పోతుంది.

మనిషి విశ్వాసంవల్ల నీతిమంతుడవుతాడనే రోమా 3:28లో, మూలమైన గ్రీకులో లేని ‘మాత్రమే’ను లూథర్ 1522 జర్మన్ అనువాదంలో చేర్చాడన్న గొడవ కూడా ఇక్కడిదే. మన పాత తెలుగు బైబిల్లో ‘విశ్వాసమువలననే’ అని ఉంటుంది. ఆ ‘నే’ చేసే పనీ అదేగా.

అపోహ: ప్రభు భోజనంలోని రొట్టె, ద్రాక్షారసం గుర్తులు మాత్రమేనని సంస్కర్తలంతా అన్నారు.

అన్నది స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీ. 1529 అక్టోబరులో జర్మనీలోని మార్‌బర్గ్‌లో జరిగిన చర్చలో ఆయనా లూథరూ 15 అంశాల్లో 14 ఒప్పుకున్నారు. చివరిదానిలో క్రీస్తు శరీరం అక్కడ నిజంగా ఉందా అన్న చోట తెగింది. ‘ఇది నా శరీరము’ అని లూథర్ బల్ల మీద సుద్దతో రాసి, దాన్ని వదల్లేదు. రోముతో లూథర్ ముఖ్య పేచీ దివ్యపూజను (కేథలిక్కుల ప్రభు భోజన ఆరాధనను) బలి అనడం మీద.

అపోహ: లూథర్ బైబిల్లోంచి ఏడు పుస్తకాలు పీకేశాడు.

ఆయన 1534 బైబిల్లో తోబితు, యూదితు, మక్కబీయులు వగైరా ఉన్నాయి. కాకపోతే రెండు నిబంధనల మధ్య, అపోక్రిఫా పేరుతో. చదవదగినవే, లేఖనంతో సమానం కావన్నాడు. చనిపోయినవారి కోసం ప్రార్థన 2 మక్కబీయులు 12లో ఉంది కాబట్టి ఇది చిన్న తగాదా కాదు. 1826లో లండన్‌లోని బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ వాటి ముద్రణకు తన డబ్బు వాడకూడదని తేల్చింది. ప్రొటెస్టెంట్ ఇళ్లలోని 66 పుస్తకాల తెలుగు బైబిల్ ఆ దారిలో వచ్చిందే.