‘వచ్చిందే పంపాను’ అంటే వదిలిపెట్టరు: ఆస్ట్రేలియాలో పరువు నష్టం కేసులపై అపోహలు - వాస్తవాలు

అపోహ: నేనేమీ కల్పించలేదు. ఎవరో అన్నదే చెప్పాను, నన్నేం చేస్తారు?

వాస్తవం: సిడ్నీలో ఈ కేసులే చూసే లాయర్ని. ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. జెఫ్రీ రష్ సంగతి చూడండి. 1971లో క్వీన్స్‌లాండ్ థియేటర్ కంపెనీలో మొదలుపెట్టి, ‘షైన్’ సినిమాకి ఆస్కార్, తర్వాత ఎమ్మీ, 2009లో బ్రాడ్‌వే నాటకానికి టోనీ అందుకున్న నటుడు. మన పిల్లలకైతే ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ సినిమాల్లో కెప్టెన్ బార్బోసా. 2015-16లో సిడ్నీ థియేటర్ కంపెనీ వేసిన ‘కింగ్ లియర్’లో లియర్ పాత్ర ఆయనదే. ఆ నాటకం రోజుల్లో ఆయన ప్రవర్తన మీద కంపెనీకి ఫిర్యాదు అందిందని 2017 నవంబరు 30న, ఆ మర్నాడు సిడ్నీ పత్రిక డైలీ టెలిగ్రాఫ్ రాసింది. ఫిర్యాదు అందిన మాట నిజమే. కంపెనీయే ఒప్పుకుంది. అయినా పత్రిక ఓడిపోయింది.

ఎందుకంటే ఫిర్యాదు వచ్చిందని చూపిస్తే చాలదు. చదివినవాళ్లకి ఆ వార్త ఏ అర్థమిచ్చిందో అది నిజమని రాసినవాళ్లే రుజువు చేయాలి. తాను తప్పు చేయలేదని రష్ నిరూపించుకోనక్కర్లేదు. వార్త అచ్చయ్యేనాటికి ఫిర్యాదు చేసిన నటి బయటికి రావడానికి ఇష్టపడలేదు. 2018లో ఆవిడ సాక్ష్యానికి ఒప్పుకున్నాకే ‘నిజమే రాశాం’ అని వాదించే వీలు పత్రికకి దొరికింది. ఆ రుజువు నిలబడలేదని 2019 ఏప్రిల్ 11న జస్టిస్ మైకేల్ విగ్నీ తీర్పు చెప్పారు. 2020 జూలైలో అప్పీలూ పోయింది.

అంత లీగల్ టీమున్న పత్రిక గతే అది. ఇక వాట్సాప్ గ్రూపుల సంగతి! ఆమధ్య ఒకావిడ వణికిపోతూ వచ్చారు. ఒక కేటరర్ అడ్వాన్సు తీసుకుని ఎగ్గొట్టాడని వచ్చిన మెసేజీని మూడు గ్రూపులకి ఫార్వర్డ్ చేశారు. తనవంతుగా చేర్చింది ‘జాగ్రత్త’ అన్న మాట, రెండు ఎర్ర ఆశ్చర్యార్థకాలు, అంతే. ఆ కేటరర్ ఎవరో ఆవిడకి తెలీదు, వంట కూడా ఎప్పుడూ తినలేదు. ‘అరెస్టు చేస్తారాండీ? పీఆర్ (శాశ్వత నివాస హక్కు) పోతుందా?’ అని అడిగారు. భారత్‌లో పరువు నష్టం నేరం కూడా కాబట్టి ఆ భయం సహజమే. ఇక్కడ మాత్రం ఇలాంటివి సివిల్ దావాలే. ఓడితే డబ్బు పోతుంది గానీ నేరశిక్ష పడినట్టు కాదు. ముందుగా వచ్చేది కన్సర్న్స్ నోటీసు, అంటే మీరు పెట్టిన ఏ మాట తమ పరువు తీసిందో చెబుతూ అవతలివాళ్లు రాసి పంపేది. మామూలుగా 28 రోజుల్లోపు తప్పు దిద్దుతామని, అవతలివాళ్ల ఖర్చులు భరిస్తామని రాతపూర్వకంగా ప్రతిపాదన పంపొచ్చు. చాలా గొడవలు అక్కడే సర్దుకుంటాయి. కంగారులో గ్రూపులోంచి ఎగ్జిట్ అయిపోయి, చాట్ మొత్తం చెరిపేసుకుని నా దగ్గరికి రాకండి.

అపోహ: మనసు నొచ్చుకుంటే చాలు, ఎప్పుడైనా కేసు వేయొచ్చు.

వాస్తవం: గడువు మామూలుగా ఏడాది. పైగా 2021 జూలై నుంచి న్యూ సౌత్ వేల్స్‌లో పరువుకి తీవ్ర నష్టం జరిగిందనో, జరగబోతుందనో చూపించాలి.

అపోహ: రష్ నిర్దోషిగా విడుదలయ్యాడు.

వాస్తవం: అది క్రిమినల్ కేసే కాదు. దావా వేసింది ఆయనే.

అపోహ: రష్‌కి వచ్చినంత మనమూ అడుగుదాం.

వాస్తవం: ఆయనకి మొత్తం దాదాపు 29 లక్షల డాలర్లు వచ్చాయి. అందులో పరువుకి కట్టింది 8.5 లక్షలు. మిగతాది దాదాపు అంతా అవకాశాలు ఆగి పోగొట్టుకున్న సంపాదన లెక్క, అదీ హాలీవుడ్ పారితోషికాల మీద. మీ పే స్లిప్పులు పట్టుకురండి, చూద్దాం.