టెండరు ఎక్కడ మొదలవ్వాలి: అమెరికా స్థానిక భూసంరక్షణ సంస్థల్లో ఒక అంకె వెనుక చరిత్ర

అమెరికాలో కౌంటీ స్థాయిలో అడవులను, గడ్డిమైదానాలను, చిత్తడి నేలలను ప్రజల తరఫున కొని కాపాడే ప్రభుత్వ సంస్థలు చాలా ఉన్నాయి. అలాంటి సంస్థ కొంత చిత్తడి నేల కొనదలిస్తే, మదింపు నివేదిక తెప్పించుకొని యజమానితో నేరుగా బేరమాడుతుంది. ఆ బేరం లక్షల డాలర్లలో ఉన్నా టెండరు అక్కర్లేదు, ఎందుకంటే ఆ నేల లాంటిది మరొకటి దొరకదు. కానీ అదే నేల చుట్టూ కంచె వేయించాలన్నా, పిచ్చిగా పెరిగిన పరాయి జాతి పొదలను కొట్టించాలన్నా ఆ పని ఖర్చు రాష్ట్ర చట్టంలోని ఒక అంకెను దాటిందంటే పత్రికా ప్రకటన, గడువు తేదీ, సీల్డ్ టెండర్లు, బహిరంగంగా కవర్లు తెరవడం, అర్హులలో తక్కువ ధర వేసినవారికే పని అప్పగించడం తప్పనిసరి అవుతాయి. ఆ అంకె ఎంత ఉండాలన్న వాదన నేటికీ అనేక రాష్ట్రాల చట్టసభల్లో బిల్లుల రూపంలో వస్తూనే ఉంది.

ఈ నియమం న్యూయార్క్ నగర రాజకీయాలను శాసించిన ట్వీడ్ ముఠా అవినీతి నుంచి పుట్టిందని తరచు చెబుతారు. సుమారు రెండున్నర లక్షల డాలర్లతో తలపెట్టిన న్యాయస్థాన భవనం ఖర్చు కోటి డాలర్లు దాటిపోవడం, 1871లో ఆ లెక్కలు పత్రికకు ఎక్కడం ప్రజల మనసులో టెండరుకు బలమైన స్థానం కల్పించిన మాట నిజమే. నియమం మాత్రం అంతకంటే పాతది. ప్రభుత్వ కొనుగోళ్లు బహిరంగంగా గానీ, ముందుగా ప్రకటన ఇచ్చి గానీ జరగాలని ఫెడరల్ కాంగ్రెస్ 1809లోనే చట్టం చేసింది. 1861 మార్చిలో ఆ సూత్రాన్ని మరింత గట్టిగా రాసి, అత్యవసర అవసరాలకూ వ్యక్తిగత సేవలకూ మాత్రమే మినహాయింపు ఇచ్చింది. ప్రకటన ఇవ్వనక్కరలేని చిన్న కొనుగోళ్లకు డాలర్లలో హద్దు గీయడం ఆ తర్వాతి తరాలు చేర్చిన సౌకర్యం. గుమస్తా జీతం, పత్రికా ప్రకటన ఖర్చు కలిపితే కొనే వస్తువు ధరను మించిపోతున్నాయన్న సాదా లెక్కే దానికి మూలం.

స్థానిక సంస్థల విషయంలో ఈ హద్దు రాష్ట్ర చట్టంలోనే ఎందుకు ఉంటుందన్నది అర్థం కావాలంటే మరో పాత సూత్రాన్ని తలచుకోవాలి. రాష్ట్రం స్పష్టంగా ఇచ్చిన అధికారాలూ, వాటి అమలుకు తప్పనిసరి అయినవీ తప్ప స్థానిక సంస్థకు వేరే అధికారాలు లేవని అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ 1868లో సూత్రీకరించారు. అనేక రాష్ట్రాలు దాన్ని అనుసరించాయి. ఒకే పనికోసం పుట్టిన ప్రత్యేక సంస్థల మీద దాని పట్టు ఇంకా ఎక్కువ. అందువల్ల భూసంరక్షణ సంస్థ పాలకమండలి తన టెండరు పరిమితిని తానే పెంచుకునే వీలు లేదు. తన పుట్టుకకు కారణమైన చట్టాన్ని సవరించమని రాష్ట్ర రాజధానికి వెళ్లి అడగాలి.

అలాంటి చట్టాలు ఒక్కసారిగా వచ్చినవి కావు. ఇలినాయిలో 1909 నాటి ప్రయత్నాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టివేశాక 1913లో కొత్త చట్టం వచ్చింది, 1914లో కుక్ కౌంటీ ఓటర్లు దానికి ఆమోదం తెలిపారు, మరుసటి ఏడాది డూపేజ్ కౌంటీలో ఫారెస్ట్ ప్రిజర్వ్ డిస్ట్రిక్ట్ మొదలైంది (ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు, ఒకే పనికోసం పుట్టిన ప్రత్యేక సంస్థ). ఒహాయోలో 1917 నాటి పార్కు డిస్ట్రిక్ట్ చట్టం క్లీవ్‌లాండ్ చుట్టూ ఉన్న లోయలను కాపాడింది. 1930ల ధూళి తుపానులు మరో శాఖకు ప్రాణం పోశాయి. 1935లో నేల సంరక్షణ చట్టం చేశాక, 1937 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఒక నమూనా చట్టాన్ని రాష్ట్రాల గవర్నర్లకు పంపారు. ఆ ఏడాది ఆగస్టులోనే నార్త్ కరోలినాలోని బ్రౌన్ క్రీక్‌లో తొలి నేల సంరక్షణ డిస్ట్రిక్ట్ ఏర్పడింది. ఇప్పుడు దేశంలో అలాంటివి దాదాపు 3,000 ఉన్నాయి. అయోవా 1955లో కౌంటీ సంరక్షణ బోర్డులకు, ఇలినాయి 1963లో కన్సర్వేషన్ డిస్ట్రిక్టులకు దారి తెరిచాయి. శాన్‌ఫ్రాన్సిస్కో దక్షిణాన మిడ్‌పెనిన్సులా సంస్థ 1972లో ఓటర్ల ఆమోదంతో పుట్టింది.

ఈ సంస్థల తొలి దశాబ్దాల్లో టెండరు పరిమితి పెద్ద సమస్య కాలేదు. భూమి కొనడమే అప్పటి ప్రధాన కార్యం, దానికి టెండరు లేదు. చేయించాల్సిన పెద్ద పనులకు 1933 నుంచి 1942 దాకా ఫెడరల్ ప్రభుత్వమే కూలి ఇచ్చి సివిలియన్ కన్సర్వేషన్ కోర్ యువకులను పంపింది. చికాగో ఉత్తరాన స్కోకీ సరస్సుల తవ్వకం వాళ్లు చేసిన అతి పెద్ద పనుల్లో ఒకటి. ఆ కోర్ రద్దయ్యాక పనిలో కొంత సొంత సిబ్బంది చేతికి, మిగిలింది గుత్తేదారుల చేతికి వచ్చింది. అప్పటి నుంచే చట్టంలోని ఆ అంకె రోజువారీ వ్యవహారంగా మారింది.

అంకె కదలకుండా ఉండగా ధరలు కదిలిపోవడమే అసలు చిక్కు. ఫెడరల్ ప్రభుత్వం తన చిన్న కొనుగోళ్ల పరిమితిని 1958లో 2,500 డాలర్లకు, 1974లో 10,000కు, 1980ల మొదట్లో 25,000కు, 1994 సంస్కరణలో 1,00,000కు పెంచుకుంటూ పోయింది. 2004లో చేసిన చట్టం ప్రకారం ప్రతి ఐదేళ్లకు ద్రవ్యోల్బణాన్ని బట్టి ఆ అంకెను సవరించడం మొదలైంది. చాలా రాష్ట్రాల్లో అలాంటి క్రమం లేదు. కాలిఫోర్నియా నగరాలు మామూలు చట్టం కింద నేటికీ 5,000 డాలర్లు దాటిన నిర్మాణ పనికి టెండరు పిలవాలి. దాన్ని తప్పించుకునే దారిగా 1983లో వచ్చిన ఏకరూప వ్యయ లెక్కింపు చట్టంలో స్వచ్ఛందంగా చేరితే పెద్ద పరిమితులు దొరుకుతాయి. 2025 నుంచి ఆ చట్టం కింద 75,000 డాలర్ల దాకా సొంత సిబ్బందితో చేయించవచ్చు, 2,20,000 దాకా సులభ పద్ధతిలో టెండరు పిలవవచ్చు. న్యూయార్క్ స్థానిక సంస్థలకు నిర్మాణ పనుల పరిమితి 2009లో 20,000 నుంచి 35,000కు, కొనుగోళ్ల పరిమితి 2010లో 10,000 నుంచి 20,000కు పెరిగింది. స్థానిక ప్రభుత్వాల పరిమితిని 2023లో 50,000 నుంచి 75,000కు పెంచిన ఒహాయో ఒక అడుగు ముందుకేసి, ఇకపై ఏటా 3 శాతం చొప్పున దానంతటదే పెరిగేలా రాసుకుంది. (కదలని అంకెకు పరాకాష్ఠ వేతన చట్టంలో కనిపిస్తుంది. ఫెడరల్ నిర్మాణ పనుల్లో కూలీలకు ఇవ్వాల్సిన వేతనాల గురించిన 1931 నాటి డేవిస్–బేకన్ చట్టం పరిమితిని 1935లో 5,000 నుంచి 2,000 డాలర్లకు తగ్గించారు, అది నేటికీ 2,000గానే ఉంది.)

పరిమితి తక్కువగా ఉంటే రోడ్డు వేసే శాఖకు ఉండే ఇబ్బంది కంటే భూసంరక్షణ సంస్థకు ఉండే ఇబ్బంది వేరు. గడ్డిమైదానాన్ని నియంత్రిత పద్ధతిలో తగలబెట్టాలంటే గాలి, తేమ, ఎండ మూడూ కుదరాలి. అలాంటి రోజులు వసంతంలోనో శరదృతువులోనో కొన్నే వస్తాయి, ఆ పనిలో శిక్షణ ఉన్న గుత్తేదారులూ కొద్దిమందే. ప్రకటన, గడువు, పాలకమండలి సమావేశం అన్నీ పూర్తయ్యేసరికి కాలం దాటిపోతే పని ఏడాది వెనక్కి పోతుంది. విత్తనాల విషయం ఇంకా సున్నితమైనది. స్థానిక జాతి గడ్డి విత్తనాన్ని పౌనుకు ఇంత అని కొంటే తక్కువ ధర గెలుస్తుంది గానీ, ఆ పౌనులో పొట్టు ఎంత, మొలకెత్తేది ఎంత అన్నది తేలదు. అందుకే అనుభవం ఉన్న సంస్థలు స్వచ్ఛత శాతాన్ని మొలక శాతంతో హెచ్చించి, ‘జీవమున్న శుద్ధ విత్తనం’ లెక్కన ధర అడుగుతాయి, విత్తనం ఎంత దూరంలోని తల్లిమొక్కల నుంచి రావాలో కూడా టెండరు పత్రంలోనే రాస్తాయి. ఇలా రాయగలిగితే తక్కువ ధర నియమం కీడు చేయదని నా అభిప్రాయం. అయితే ముగ్గురు నలుగురు ఉద్యోగులున్న చిన్న డిస్ట్రిక్టుకు అంత పత్రం తయారుచేసే తీరిక ఉండదు.

తీరిక లేని చోట పుట్టేదే పనిని ముక్కలు చేయడం. నలభై ఎకరాల పొదలను ఒకే పనిగా కాక రెండు ఇరవైలుగా రాసి, ఒక్కొక్కటీ పరిమితికి కాస్త దిగువన ఉండేలా చూడటాన్ని రాష్ట్రాల చట్టాలూ న్యాయస్థానాలూ నిషేధించాయి. పరిమితి పెంచవద్దనే వారి వాదనకు ఇదే బలం. చిన్న అంకెల కిందనే బంధువులకు, మిత్రులకు పనులు పోతాయని వారంటారు. పెంచాలనే వారు అదే ఉదాహరణను తిప్పి, అంకె వాస్తవానికి దూరంగా ఉన్నందువల్లే సిబ్బంది అలాంటి దారులు వెతుకుతున్నారని చెబుతారు. ఇరువైపులా సత్యం ఉంది. నా దృష్టిలో ద్రవ్యోల్బణంతో పాటు పెరిగే పరిమితి, దానికి దిగువన మూడు రాతపూర్వక కొటేషన్లు, ప్రతి చిన్న ఒప్పందాన్నీ బహిరంగంగా ప్రకటించడం కలిసి ఉంటే, కదలని పాత అంకె కంటే అవే ఎక్కువ కాపలా కాస్తాయి.

ఫెడరల్ గ్రాంటు సొమ్ము చేరినప్పుడు మరో పొర పడుతుంది. భూ, జల సంరక్షణ నిధి 1965 నుంచి స్థానిక సంస్థలకు డబ్బు ఇస్తోంది. ఇలాంటి గ్రాంట్లన్నిటికీ 2014 డిసెంబరు నుంచి ఒకే కొనుగోలు నియమావళి వర్తిస్తోంది. 2025 అక్టోబరు 1 నుంచి ఫెడరల్ సులభ కొనుగోలు పరిమితి (పైన చెప్పిన చిన్న కొనుగోళ్ల పరిమితే) 2,50,000 నుంచి 3,50,000 డాలర్లకు, కొటేషన్లే అక్కర్లేని అతి చిన్న కొనుగోళ్ల పరిమితి 10,000 నుంచి 15,000కు పెరిగాయి. అయితే గ్రాంటు పుచ్చుకున్న స్థానిక సంస్థ తన రాష్ట్ర చట్టాన్నీ పాటించి తీరాలి. రెండింటిలో ఏది కఠినమైతే అదే దాని చేతులు కడుతుంది గనుక, వాషింగ్టన్‌లో అంకె ఎంత పెరిగినా చిత్తడి నేల చుట్టూ వేసే కంచెకు మాత్రం రాష్ట్ర చట్టసభ చివరిసారి రాసిన అంకె దగ్గరే టెండరు మొదలవుతుంది.