కళతో సామాజిక పని: డెల్టాలో తరచూ వినిపించే అపోహలు, వాస్తవాలు

కోనసీమ, నరసాపురం ప్రాంతాల పల్లెల్లో నాటకం, బుర్రకథ, తోలుబొమ్మలాట ఆధారంగా కౌలు, గల్ఫ్ వలస, తాగునీరు వంటి విషయాలపై పనిచేసే ఒక చిన్న సాంస్కృతిక బృందంలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. పంచాయతీ కార్యాలయానికి అనుమతి కోసం వెళ్లినా, దాతలను కలిసినా, కొత్తగా చేరిన యువతకు శిక్షణ ఇస్తున్నా, ఈ రంగం గురించి కొన్ని మాటలు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటాయి. అవి వినడానికి మంచి మాటలే అయినా పనిని పక్కదారి పట్టిస్తాయి కాబట్టి, ఇతర దేశాల సంస్థలు చవిచూసిన అనుభవాన్నీ మా అనుభవాన్నీ కలిపి వాటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: ప్రజలకు తెలియని విషయాన్ని ఆటపాటలతో చెప్పడమే ఈ సంస్థల పని.

వాస్తవం: చాలాచోట్ల విషయం ప్రజలకు ముందే తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు 11 నెలల కాలానికి సాగుదారు కార్డు ఇచ్చే ఏర్పాటు చేసింది. అయితే అందుకు భూయజమాని సంతకం కావాలని కూడా నిర్దేశించింది. మేము ఆ చట్టంపై ఒక నాటకం తయారుచేసి, కార్డు తీసుకుంటే బ్యాంకు రుణమూ పంట నష్టపరిహారమూ అందుతాయని ఎంతో ఉత్సాహంగా ఆడి చూపించాము. ఆట ముగిశాక రామాలయం అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి, “కార్డు సంగతి మాకు తెలుసండి. కామందు గారిని సంతకం ఎలా అడగాలో అది చూపించలేదు కదండీ” అన్నారు. ఆ ఒక్క మాటతో మా నాటకం ఎక్కడ ఆగిపోయిందో మాకు అర్థమైంది.

ఇలాంటి అనుభవమే బ్రెజిల్ నాటక దర్శకుడు అగస్టో బోల్‌కు 1970లలో పెరూలో ఎదురైంది. అప్పటికి ఆయన ప్రేక్షకుల సలహాలు తీసుకుని, వాటి ప్రకారం నటుల చేత కథను నడిపించేవారు. తాను చెప్పింది నటులు సరిగా చేయడం లేదని ఒక స్త్రీ పదే పదే అభ్యంతరం చెప్పడంతో, చివరకు ఆమెనే వేదిక మీదికి రమ్మని పిలిచారు. అక్కడి నుంచి ఫోరమ్ థియేటర్ రూపుదిద్దుకుంది. అందులో నాటకం ఓటమితో ముగుస్తుంది. తర్వాత అదే కథను మొదటి నుంచి మళ్లీ ఆడుతుండగా, చూస్తున్నవారిలో ఎవరైనా “ఆగండి” అని లేచి వచ్చి, అన్యాయానికి గురైన పాత్రను తామే ధరించి, ఇంకో దారి ప్రయత్నిస్తారు. ఈ తంతును నడిపించే వ్యక్తిని బోల్ జోకర్ అన్నారు. మా ఊళ్లలో సూత్రధారుడు అంటే అందరికీ తెలుస్తుంది. పశ్చిమ బెంగాల్‌లోని సుందరబన్స్ పల్లెల్లో 1985లో మొదలైన జన సంస్కృతి సంస్థ ఈ పద్ధతిని వ్యవసాయ కూలీల మధ్య దశాబ్దాలుగా కొనసాగిస్తోంది. బోల్ స్వయంగా 1993 నుంచి 1996 వరకు రియో నగరపాలక మండలి సభ్యుడిగా ఉండి, ఇలాంటి ప్రదర్శనల్లో ప్రజలు చూపిన పరిష్కారాలను చట్టాల ముసాయిదాలుగా మలిచారు. వాటిలో 13 చట్టాలయ్యాయి.

మేము సార్వా (ఖరీఫ్) పంటకు ముందు, మక్తా (కౌలు) మాటలు కుదిరే రోజుల్లో, అదే ఊరికి తిరిగి వెళ్లి కామందు ఇంటి ముందు సంతకం అడిగే ఘట్టం ఒక్కటే ఆడాము. మొదట వచ్చిన రైతు బతిమాలుకున్నాడు. కామందు పాత్రధారి “నేనుండగా నీకు కార్డెందుకయ్యా” అనేసరికి ఆయనకు మాట రాలేదు. తర్వాత లేచిన ఒక స్త్రీ తనతో పాటు మరో తొమ్మిది మందిని నిలబెట్టి, “మాలో ఎవరికి పెట్టినా అందరికీ పెట్టాలండి, లేదంటే ఈ ఏడు ఎవ్వరం ఒప్పందం చేసుకోమండి” అంది. ఆ ఏడాది అందరికీ సంతకాలు దొరకలేదు. అయినా కొందరు నిజంగానే కలిసి వెళ్లి అడిగారు. నాటకం వల్ల జరిగే మేలు ఏమిటని నన్ను అడిగితే ఆ కలిసి వెళ్లడాన్నే చూపిస్తాను.

అపోహ: కళ అందరినీ అలరిస్తుంది కాబట్టి ఎవరికీ హాని ఉండదు.

వాస్తవం: కెన్యాలోని కమిరీథు గ్రామస్థులు 1977లో తమ సొంత గికూయు భాషలో, తామే కట్టుకున్న బయలు రంగస్థలంపై, భూమి గురించీ కూలి గురించీ నాటకం ఆడారు. ప్రభుత్వం కొద్ది వారాల్లోనే దాని అనుమతి రద్దు చేసింది. ఆ పనిలో పాలుపంచుకున్న రచయిత గూగీ వా థియోంగోను విచారణ లేకుండా ఏడాది పాటు నిర్బంధించింది. 1982లో రంగస్థలాన్ని నేలమట్టం చేయించింది. మన పల్లెల్లో ప్రమాదం ఇంత బాహాటంగా కనిపించదు. ఆట ముగిశాక మా వ్యాను రావులపాలెం దారి పడుతుంది, వేదిక ఎక్కి మాట్లాడిన కౌలు రైతు మాత్రం మర్నాడు అదే కామందు ఎదుట నిలబడాలి. అందుకే ఎవరిదైనా నిజమైన కథను ఆ ఊళ్లోనే ఆడించము, ఊరి పేరూ వృత్తీ మార్చి మరో మండలంలో ఆడతాము. వారి అనుమతి లేనిదే వీడియో తీయము.

అపోహ: మంచి నాటకం ఒక్కసారి చూస్తే మనసు మారిపోతుంది.

వాస్తవం: ఒక్క రాత్రిలో మారేది చాలా తక్కువ, మారేది కూడా మనం ఊహించిన చోట కాకపోవచ్చు. రువాండాలో మారణహోమం తర్వాత జాతి వైరాన్ని తగ్గించే ఉద్దేశంతో 2004లో ఒక రేడియో ధారావాహిక మొదలైంది. దానిపై ఎలిజబెత్ లెవీ పాలక్ అనే పరిశోధకురాలు ఏడాది పాటు కొన్ని ఊళ్లకు ఆ ధారావాహికనూ, మరికొన్ని ఊళ్లకు ఆరోగ్యం గురించిన వేరొక ధారావాహికనూ వినిపించి పోల్చి చూశారు. శ్రోతల సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. ఊళ్లో నలుగురూ దేన్ని సరైనదిగా భావిస్తారన్న వారి అంచనా మారింది, దాంతో పాటు విభేదాన్ని బయటికి చెప్పే తీరు, కలిసి నిర్ణయం తీసుకునే తీరు మారాయి. గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లే స్త్రీల గురించి మేము చేసే పనిలో ఈ తేడా నాకు ఎంతో ఉపయోగపడింది. అప్పు తీర్చడానికి కువైట్ వెళ్లాలనుకున్న తల్లి నిశ్చయాన్ని నాటకం మార్చలేదు, మార్చాలని కోరుకోవడం కూడా మాకు తగదు. ఒప్పందం కాగితం ముందుగా చూపించమని ఏజెంటును అడగడం తప్పు కాదని ఆ వీధిలోని వాళ్లందరూ అనుకునేలా చేయగలిగితే చాలు. అందుకు ఒకే వీధికి మూడు నాలుగు సార్లు వెళ్లవలసి ఉంటుంది.

అపోహ: ఇదంతా విదేశీ నిధులతో దిగుమతి అయిన ఆలోచన.

వాస్తవం: రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1880లోనే తమ విద్యార్థుల చేత, న్యాయవాదుల అక్రమాలను ఎండగట్టే ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించారు, ఆ మరుసటి సంవత్సరం డిసెంబరులో అదే ఊళ్లో మొదటి వితంతు వివాహం జరిపించారు. 1943 నుంచి ప్రజానాట్యమండలి బుర్రకథను ఉద్యమ వేదికల మీద నిలబెట్టింది. నిధుల మాటకు వస్తే, విదేశీ విరాళాల చట్టం సాంస్కృతిక కార్యక్రమాన్ని కూడా అనుమతించిన ప్రయోజనాల్లో ఒకటిగా పేర్కొంటుంది గానీ నమోదు గానీ ప్రభుత్వ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ విదేశీ విరాళం తీసుకోవడానికి వీల్లేదు. 2013 కంపెనీల చట్టం కింద కంపెనీలు సామాజిక బాధ్యతగా చేసే ఖర్చులో సంప్రదాయ కళలూ హస్తకళలూ ఉన్నాయి కాబట్టి, చిన్న బృందాలు ముందు ఇక్కడి తలుపులు తట్టడం మేలు.

అపోహ: పేద పిల్లలకు కళ నేర్పితే పేదరికం తొలగిపోతుంది.

వాస్తవం: వెనెజులాలో 1975లో హోసే ఆంటోనియో అబ్రెయూ మొదలుపెట్టిన ఎల్ సిస్తెమా సంగీత పాఠశాలలను ఈ మాటకు రుజువుగా చూపుతారు. 3,000కు కొంచెం తక్కువ మంది పిల్లలపై జరిపి 2016లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లల ఆత్మనిగ్రహం కొంత పెరిగిందని తేలింది. కానీ చదువులో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు, చేరినవారిలో నిరుపేదల వాటా కూడా ఆశించినంత లేదు. అందుకని సంగీతం నేర్పవద్దని నేను అనను. కాంబోడియాలోని బట్టంబాంగ్‌లో శరణార్థి శిబిరం నుంచి తిరిగివచ్చిన యువకులు 1994లో స్థాపించిన ఫారె పోన్లూ సెల్పాక్ కళతో పాటు మామూలు బడినీ నడిపింది, సర్కస్ నేర్చినవారికి జీతం వచ్చే ప్రదర్శనలను కూడా ఏర్పాటు చేసింది. పిల్లవాడు ఎక్కిన మెట్టు తర్వాత మరో మెట్టు ఉండాలన్న ఆలోచన అక్కడ కనిపిస్తుంది.

అపోహ: కళాకారులు సేవగా చేస్తారు, వారికి శాలువా, భోజనం చాలు.

వాస్తవం: నన్ను అన్నింటికంటే ఎక్కువగా బాధించే మాట ఇది. కాకినాడ దగ్గరి మాధవపట్నంలో తోలుబొమ్మల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. తోలు శుభ్రం చేసి, ఆరబెట్టి, చెక్కి, రంగులద్ది ఒక్క బొమ్మ పూర్తి చేయడానికి ఎన్నో రోజుల పని పడుతుంది. తెర వెనుక పాడేవారూ, మద్దెల వాయించేవారూ, బొమ్మ ఆడించేవారూ వేరు. ఆ కుటుంబాన్ని పరిశుభ్రత ప్రచారానికి పిలిచి, ఫ్లెక్సీ బ్యానర్లకు పెట్టిన ఖర్చులో సగం కూడా కళాకారులకు ఇవ్వని కార్యక్రమాలను నేను కళ్లారా చూశాను.

నరసాపురం లేసు మరింత పాత పాఠం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లిక విదేశాలకు ఎగుమతయ్యే పరిశ్రమగా పెరిగింది. 1970ల చివర జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ ఇక్కడికి వచ్చి చూసినప్పుడు, రోజుకు ఎన్నో గంటలు లేసు అల్లే స్త్రీలను ఎవరూ కార్మికులుగా లెక్కించడం లేదు. గృహిణులు తీరిక వేళల్లో చేసే పనిగా చెప్పి కూలి అతి తక్కువ ఇస్తున్నారు, వ్యాపారం మగవారి చేతుల్లో ఉంది. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించడం సంతోషమే గానీ, ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, కూలిని నిర్ణయించదు.

అందుకే మా బృందం ఏ ప్రతిపాదన రాసినా బడ్జెట్‌లో మొదటి వరుస కళాకారుల పారితోషికమే. రిహార్సల్ రోజులను పని దినాలుగా లెక్కిస్తాము, బొమ్మల మరమ్మతుకు విడిగా సొమ్ము పెడతాము, ప్రదర్శన నాడే చెల్లిస్తాము. దాత ఆ వరుసను తగ్గించమంటే ప్రదర్శనల సంఖ్యను తగ్గిస్తాము.