ఉద్యోగం వచ్చింది, కొలత పోలేదు

ఆడవాళ్లు ఇల్లు దాటి ఉద్యోగాల్లోకి వస్తే వాళ్లను చూసే చూపు దానంతటదే మారుతుందని చాలామంది నమ్మారు. అలా జరగలేదు. పని మారింది గానీ, ఒంటిని కొలిచే చూపు వెనకాలే వచ్చి ఆ ఉద్యోగంలోనే రూలుగా కూర్చుంది. ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం పుట్టిన తీరు చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

ఎలెన్ చర్చ్ అమెరికాలో నర్సు. విమానం నడపడం కూడా వచ్చు. కానీ ఆమెకు పైలట్ ఉద్యోగం ఇవ్వలేదు. గాల్లో ప్రయాణికులు భయపడతారు, కళ్లు తిరుగుతాయి, నర్సులను పెట్టుకోండని ఆమే సలహా ఇచ్చింది. అలా 1930 మే 15న మొదటి ఎయిర్ హోస్టెస్ అయింది. తొలి బ్యాచ్‌కు పెట్టిన షరతులు చూడండి: పెళ్లి కాకూడదు, వయసు 25 లోపు, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాల లోపు, బరువు 115 పౌండ్ల లోపు, అంటే సుమారు 52 కిలోలు. అప్పటి విమానాలు చిన్నవి, ఇరుకు. బరువుకూ ఎత్తుకూ ఒక కారణం ఉందనే అనుకుందాం.

తర్వాత వందమందికి పైగా పట్టే జెట్లు వచ్చాయి. కారణం పోయింది, తూకం పోలేదు. బరువు పెరిగితే సస్పెన్షన్. పెళ్లయితే ఇంటికి. కొన్ని సంస్థల్లో 32 ఏళ్లు నిండినా ఇంటికే. ఉద్యోగాల్లో ఆడ, మగ వివక్షను నిషేధిస్తూ 1964లో పౌరహక్కుల చట్టం వచ్చాక, ఆ మహిళలు యూనియన్ల అండతో కొట్లాడి ఈ షరతులను ఒక్కొక్కటిగా కొట్టేయించారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకో సంగతి. వాళ్లు హక్కులు గెలుస్తున్న ఆ రోజుల్లోనే, 1971లో, నేషనల్ ఎయిర్‌లైన్స్ ఒక ప్రకటన వేసింది. నవ్వుతున్న అమ్మాయి ముఖం, పక్కన ‘నేను షెరిల్‌ని. నన్ను ఫ్లై చేయండి’ అనే రెండర్థాల మాట. అదే ఏడాది సౌత్‌వెస్ట్ అనే మరో విమాన సంస్థ తన సిబ్బందికి పొట్టి నిక్కర్లు యూనిఫాం చేసింది. ప్రమాదం జరిగితే 90 సెకన్లలో విమానం ఖాళీ అవ్వాలన్నది అక్కడి ప్రమాణం. ఆ టెన్షన్‌లో అందరినీ బయటికి పంపాల్సిన మనిషిని టికెట్లు అమ్మే బొమ్మను చేశారు. మగవాళ్లను ఈ ఉద్యోగంలోకి తీసుకోవడం లేదని కేసు పడితే, ఆడవాళ్ల ఆకర్షణ మా వ్యాపారానికి అవసరమని సౌత్‌వెస్ట్ కోర్టులోనే వాదించింది. మీ పని ప్రయాణికులను క్షేమంగా చేర్చడం, ఆకర్షణ అమ్మడం కాదని 1981లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది.

ఇలా ఎప్పుడూ చూపుల కింద బతికితే ఏమవుతుందో ఫ్రెడ్రిక్సన్, రాబర్ట్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1997లో రాశారు. ఎదుటివాళ్ల కళ్లతో తనను తాను చూసుకోవడం ఆడపిల్లకు అలవాటైపోతుంది. చేతిలోని పని మీద ఉండాల్సిన ధ్యాస ఒంటి మీదికి పోతుంది.

ఇదంతా పాత కథ అనుకోవడానికి లేదు. 2021లో యూరప్ బీచ్ హ్యాండ్‌బాల్ పోటీల్లో నార్వే మహిళల జట్టు బికినీ బదులు షార్ట్స్ వేసుకుని ఆడిందని 1,500 యూరోల జరిమానా వేశారు. బికినీ పక్క భాగం 10 సెంటీమీటర్లు మించకూడదని అప్పటి రూలు. మగవాళ్లు షార్ట్స్‌లోనే ఆడేవారు. గొడవయ్యాక ఆ ఏడాది చివర్లో రూలు మార్చారు. అప్పుడు తెచ్చిన రూలు ప్రకారం మగవాళ్ల షార్ట్స్ మోకాలికి 10 సెంటీమీటర్ల పైన ఉండి, మరీ వదులుగా లేకపోతే సరిపోయేది. ఆడవాళ్లవి మాత్రం పొట్టిగా, ఒంటికి అతుక్కునే ఉండాలన్నారు.